తాతయ్య రుచి చూసిన సిరప్

మా తాతయ్య బస్సు కండక్టరుగా రిటైరయ్యారు గానీ, ఆయన అనుమానం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. టికెట్టు లేనివాణ్ణి మొహం చూసే పట్టేస్తానని గొప్పలు పోతారు. ఆయన లెక్కలో ఇంట్లో మేమెవరం టికెట్టు కొన్నవాళ్లం కాదు.

నా గుండెకు పుట్టుకతోనే కాస్త బద్ధకం. అందుకే బడికన్నా ఆస్పత్రికే ఎక్కువ వెళ్లాను. అక్కడ పిల్లల గుండెకు కొత్త మందు పరీక్షిస్తూ నన్నూ చేర్చుకున్నారు. మామూలు మందులు అందరికీ ఇస్తారు. వాటితో పాటు కొందరికి కొత్త సిరప్, కొందరికి మందు కలపని తీపి నీళ్లు. ఎవరికి ఏది ఇస్తున్నారో చివరిదాకా డాక్టరమ్మకు కూడా తెలియదు.

"డాక్టరుకే తెలీదంటే నమ్మడానికి చెవిలో పువ్వు పెట్టుకుని కనిపిస్తున్నానా?" అన్నారు తాతయ్య.

దర్యాప్తు మొదలైంది. సిరప్ పోసే పని అమ్మ దగ్గర లాక్కున్నారు. నాకన్నా ముందు తానో మూతెడు చప్పరించి, కళ్లు మూసుకుని, "చేదుగా ఉంది. అసలు మందే" అనేవారు. మర్నాడు అదే సీసా రుచి చూసి, "తియ్యగా ఉంది. మోసం!" అనేవారు.

తర్వాతి చెకప్‌కు సీసా వెనక్కిచ్చాం. మిగిలింది కొలుస్తారని మహా దర్యాప్తు అధికారికి తెలియదు. నర్సక్క కొలిచి, ఉండాల్సినదానికన్నా తక్కువుందని డాక్టరమ్మను పిలిచింది.

"పాపకి ఎక్కువ పోస్తున్నారా?"

"లేదండీ, మా మామయ్యగారే కొలిచి పోస్తారు," అంది అమ్మ.

"పాప ఎంత తాగిందో తేలాలి. తేలకపోతే ఈ పరీక్షలోంచి తప్పించాల్సి వస్తుంది."

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తాతయ్య గోడ మీది ఏనుగు బొమ్మను తదేకంగా చూస్తున్నారు.

"తాతా, ఏనుగుకి టికెట్టుందా?" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "పాపకి చుక్క కూడా ఎక్కువ పోయలేదమ్మా. నేనే... రుచి చూశాను."

"ఎన్నిసార్లు?"

"రోజూ."

"ఎందుకండీ?"

"ఉత్త నీళ్లు పోసి పిల్లని బుజ్జగిస్తున్నారేమోనని. మందే అయితే, పడుతుందో లేదో ముందు నాకే తెలుస్తుంది కదా."

తిట్టడానికి తెరిచిన నోరు అమ్మ మూసేసింది. డాక్టరమ్మ మూయలేదు, తలంటి వదిలారు. నాకు రక్తపరీక్ష చేయించారు, ఆయనకూ చేయించారు. పైవాళ్లను అడిగి, వారం తర్వాత నన్ను కొనసాగించారు. ఒకటే షరతు: తాతయ్య సీసా ముట్టుకోకూడదు.

ఇప్పుడు అమ్మ పోస్తుంటే ఆయన గుమ్మం బయట నిలబడతారు.

"మింగావా?"

నోరు తెరిచి చూపిస్తాను. నమ్మరు. నాలుక కూడా ఎత్తమంటారు.