బాలస్వామి కుంటి దరువు

మా ఆత్మకూరులో జాజ్ అంటే డ్రమ్ముల సెట్టు. ఒక పెద్ద డోలు, దాని చుట్టూ పిల్ల డోళ్లు, పైన రెండు ఇత్తడి పళ్లేలు. వాటిని వాయించేవాణ్ణి జాజ్ కొట్టేవాడంటారు. జాజ్ అని సముద్రాల అవతల ఒక సంగీతమే ఉందని, దానికి పండితులున్నారని, వాళ్లు కళ్లు మూసుకుని వింటారని మాకు చెప్పినవాళ్లు లేరు. చెప్పినా మేం నమ్మేవాళ్లం కాదు. పాట నడుస్తుండగా కళ్లు మూసుకుంటే మా వైపు నిద్రపోయాడంటారు.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఒక్క మాట వల్లే మా బాలస్వామి హైదరాబాదు దాకా వెళ్లి వచ్చాడు.

బాలస్వామిది పెద్దమందడి. ఆత్మకూరులో చంద్రశేఖర్ నడిపే ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. ఆ ఆర్కెస్ట్రాకు సౌండు బాక్సులు నావి. అందుకని వాళ్లు వెళ్లిన ప్రతి పెళ్లికీ నేనూ వెళ్తాను, నచ్చినా నచ్చకపోయినా అన్నీ వింటాను. ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు కూరలో ఉప్పులాంటివాడు. ఉన్నన్నాళ్లు వాడి పేరెవరూ ఎత్తరు. పాడేవాళ్లకు చప్పట్లు పడతాయి. జాజ్ కొట్టే జితేందర్ కర్రను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటాడు కాబట్టి అతనికి ఈలలు పడతాయి. బాలస్వామికి దక్కేది "జర పక్కకు జరుగన్నా, ఫొటో దిగుతున్నం" అనే మాట. అట్లా జరిగి జరిగి చివరికి అతని చోటు నా పెద్ద బాక్సు వెనకాల స్థిరపడిపోయింది. అక్కణ్ణించి పెళ్లి కనపడదు, పెళ్లివాళ్లకు అతను కనపడడు. ఒకసారి పెళ్లికొడుకు మేనమామ బాక్సు వెనక్కి తొంగిచూసి, "అందరి గిటారుకు ఆరు తీగలుంటయి, నీకు నాలుగే ఉన్నయేంది? తెగినయా?" అని జాలిపడ్డాడు. ఇన్నేళ్లలో అతని సంగీతం మీద వచ్చిన విమర్శ అదొక్కటే.

బేస్ గిటారుకు ఉండేవే నాలుగు తీగలు. అయినా ఒక తీగ తెగిన మాట వాస్తవమే. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో ఎక్కడ అడిగినా అంత లావు తీగ దొరకలేదు. బాలస్వామి మెకానిక్ దగ్గరికి పోయి బైకు క్లచ్ వైరు తెచ్చి బిగించాడు. అది మోగితే ముసలి ఎద్దు మూలిగినట్టు ఉంటుంది. "అది గిటారా, బండా?" అని చంద్రశేఖర్ విసుక్కున్నాడు. బాలస్వామి మాత్రం, "గొంతు గిప్పుడే వచ్చింది శేఖరన్నా" అన్నాడు. తర్వాత అసలు తీగ దొరికినా మార్చలేదు.

అయితే అతని అసలు విద్య తీగలో లేదు, ఆగడంలో ఉంది. చిన్నప్పుడు పల్లి చేనుకు నీళ్లు పెట్టే పని అతనిది. బావి మీద పాత ఆయిలింజను ఉండేది. దాని నాజిల్‌లో చెత్త చేరి, దుమ్ దుమ్మని నడుస్తూ నడుస్తూ ఒక దెబ్బ మింగేసేది. ఇంజను ఆగిందంటే చేను ఎండుతుంది, నాయన చేతిలో వీపు పగులుతుంది. ఆ మింగిన చోట పిల్లవాడి ప్రాణం గొంతులోకి వచ్చేది. ఇంతలో మళ్లీ దుమ్ అనేది. ఒకరోజు మెకానిక్ వచ్చి బాగుచేశాడు. "ఇంజన్ మంచిగైంది గని అన్నా, ఇనబుద్ధి కాకపాయె" అని బాలస్వామి ఇప్పటికీ బాధపడతాడు.

బేస్ గిటారు చేతికి రాగానే ఆ మింగిన దెబ్బను అందులోకి తెచ్చాడు. లోకంలో అందరూ దుమ్మని కొట్టే చోట ఇతను ఊరుకుంటాడు. వినేవాడి ప్రాణం గొంతులోకి వచ్చాక కొడతాడు. మొదటి రోజుల్లో మా పెళ్లిళ్లలో ఏం జరిగిందో చెప్తే నమ్మరు. తప్పులో కాలేయడం అనే మాటకు అర్థం నేను అక్కడే చూశాను. ఎగిరినవాడు కాలు దించేసరికి కింద దెబ్బ ఉండేది కాదు, పక్కవాడి మీద పడేవాడు. పడ్డవాళ్లు తప్పును మందు మీదికి నెట్టారు. వాళ్ల ఇంటి ఆడవాళ్లు కూడా అదే నిజమనుకుని తిట్టారు.

కొన్నేళ్లకు కాళ్లు నేర్చుకున్నాయి. కాలు లేపడం, గాల్లో జర ఆపడం, అప్పుడు దించడం. ఇటిక్యాల నుంచి పెద్దమందడి దాకా ఏ పందిట్లో చూసినా అదే ఆట. దానికి కుంటి స్టెప్పు అని పేరు కూడా వచ్చింది. ఎక్కడిదని అడిగితే, సినిమాలోదని కుర్రాళ్లన్నారు. సినిమా మన దగ్గరే దొంగిలించిందని, ఇది తాతల నాటిదని పెద్దవాళ్లన్నారు. తాతల నాటి ఆటను కళ్లారా చూశామని చెప్పే తాతలు కూడా దొరికారు. బాక్సు వెనక నిలబడి వేళ్లకేసి చూస్తూ వాయించుకునే బాలస్వామికి కుంటి స్టెప్పు ఉన్నట్టే తెలియదు. ఆడేవాళ్లకు అతనున్నట్టు తెలియదు. ఇద్దరి మధ్యా నా బాక్సు అడ్డం.

ఇట్లా ఉండగా చంద్రశేఖర్ కొత్త కీబోర్డు తెచ్చాడు. దాన్ని వాయించే గోపి ఎడమ పక్క ఒక బటన్ నొక్కాడు. దుమ్ దుమ్ దుమ్ దుమ్మని బేస్ దానంతటదే మోగింది, ఎక్కడా ఒక్క దెబ్బ మింగలేదు. చంద్రశేఖర్ మొహం వెలిగిపోయింది.

"బటన్‌కు బువ్వ వెట్టే పని లేదు, వ్యాన్ల జాగ ఇచ్చే పని లేదు. బాలస్వామీ, పరేషాన్ గాకు. నిన్ను ఎల్లగొడ్తలేను. ఇగ నుంచి జనరేటర్ కాడ ఉండు. అది గూడ దుమ్ దుమ్మనేదే గద!" అన్నాడు, పెద్ద ఉపకారం చేసినట్టు.

ఆ సాయంత్రం బాలస్వామి నా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. "జనరేటర్ కాడ ఉండుడు నామోషి గాదన్నా. గిన్నేండ్లు వాయిస్తి. ఒక్కలన్న ఇన్నరా లేదా? గది తెల్వకుండనే పోతున్న గద, గందుకే పానం కొట్టుకుంటున్నది" అన్నాడు. నేను వినేవాణ్ణే, కానీ బాక్సులవాడు వింటే విన్నట్టు లెక్క కాదు.

సరిగ్గా ఆ వారమే నందిని దగ్గర్నుంచి చంద్రశేఖర్ ఫోనుకు కబురొచ్చింది. ఆమె హైదరాబాదులో సంగీతం మీద పరిశోధన చేస్తుంది. స్నేహితురాలి పెళ్లికి వనపర్తి వచ్చి మా ఆర్కెస్ట్రా విన్నదట. "మా సంగీత సభకు మీ జాజ్ బేస్ ప్లేయర్‌ని పంపగలరా? అటువంటి వాయింపు నేనెక్కడా వినలేదు" అని ఆమె గొంతు. చంద్రశేఖర్ దాన్ని అందరికీ వినిపించాడు.

మా దగ్గర జాజ్ బేస్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. జాజ్ సెట్టులో కాలితో తొక్కి మోగించే పెద్ద డోలు. అంతకు మించి ఇంకో అర్థం ఆత్మకూరులో పుట్టలేదు. అందరూ జితేందర్ వైపు చూశారు. జితేందర్ అప్పటికే జుట్టు దువ్వుకుంటున్నాడు.

"శేఖరన్నా, జర మల్ల ఒకసారి అడుగుదమా? బేస్ అంటున్నది గద ఆ మేడం" అన్నాడు బాలస్వామి.

"జాజ్ బేస్ అంటున్నది. నీది ఉత్త బేస్" అన్నాడు చంద్రశేఖర్. "డోలు ఒక్కనితోటి మోయరాదు. నువ్వు గూడ పో, ఒక దిక్కు పట్టుకో."

అట్లా జితేందర్ కొత్త చొక్కాతో, బాలస్వామి డోలుతో, నేను చూడాలన్న ముచ్చటతో బయలుదేరాం. వనపర్తి బస్సులో డోలును ఎక్కడ పెట్టినా కండక్టర్ ఇంకోచోట పెట్టమన్నాడు. చివరి సీటులో ఉన్న ముసలమ్మ డోలును చూసి, మమ్మల్ని చూసి, "ఎవలు వోయిండ్రు బిడ్డా?" అని కళ్లొత్తుకుంది. జితేందర్ మొహం ముడుచుకున్నాడు. బాలస్వామి, "ఇంక ఎవలు వోలేదవ్వా" అన్నాడు.

సభ చల్లటి హాల్లో జరిగింది. జితేందర్ చేతులు జోడించి ముందు నిలబడ్డాడు. వనపర్తి పెళ్లిలో బాక్సు వెనక్కి తొంగిచూసి గుర్తుపెట్టుకున్నదేమో, నందిని అతన్ని దాటుకుని వచ్చి, డోలు మోస్తున్న బాలస్వామి దగ్గర ఆగింది.

"మీ కోసమే చూస్తున్నాం. మీ బేస్ ఏది?"

"ఇంట్ల గోడకు ఉన్నదమ్మా."

సంగతి తెలుసుకుని ఆమె తల పట్టుకుంది. అటూ ఇటూ పరుగెత్తి, సభలోనే వాయించే మరొకరి దగ్గర ఒక పెద్ద వాయిద్యం అడిగి తెచ్చింది. మనిషంత ఎత్తున్న చెక్క ఫిడేలు అది. బాలస్వామి దాన్ని పైనుంచి కింద దాకా చూసి, "దీన్ని నిలవెట్టి వాయించాల్నా, పండవెట్టి వాయించాల్నా?" అని అడిగాడు. ముందు వరుసలోని వాళ్లు ఆ ప్రశ్నకే చప్పట్లు కొట్టారు.

వాళ్లు దేనికైనా కొట్టేట్టున్నారు. తీగలు సవరిస్తే కొట్టారు. జితేందర్ డోలుకు నట్టు బిగిస్తుంటే ఒక పెద్దమనిషి కళ్లు మూసుకుని తలాడించాడు. తర్వాత బాలస్వామి వాయించాడు. తెలియని వాయిద్యమైనా, తడుముకుంటూనే, కొట్టవలసిన చోట ఆగాడు. నాకు ప్రాణం గొంతులోకి వచ్చింది. వాళ్లు మునుపటిలాగే చప్పట్లు కొట్టారు. కళ్లు మూసుకున్న పెద్దమనిషి లేచి, "మీ సంగీతంలోని ఆ మౌనానికి మూలం ఏమిటి?" అని అడిగాడు.

"ఆయిలింజన్ సార్. నాజిల్ల కచరా వట్టిండె."

"ఎంత లోతైన ప్రతీక!" అన్నాడాయన. శాలువా కప్పారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఇంకేం, విన్నారు కదా?" అన్నాను.

"ఏమో అన్నా. తీగ సవరిస్తుంటే గట్లనే కొట్టిండ్రు, వాయిస్తే గూడ గట్లనే కొట్టిండ్రు. ఫరక్ తెల్వలే" అన్నాడు. శాలువా మడతపెట్టి డోలు కింద మెత్తగా ఉంటుందని వేశాడు.

చంద్రశేఖర్ ఆ శాలువా ఫొటోతో బ్యానర్ వేయించాడు. అందులో శాలువా, తన మొహం పెద్దగా పడ్డాయి. బాలస్వామిది భుజం ఒక్కటే పడింది. బటన్ విషయం మాత్రం మారలేదు.

తర్వాతి పెళ్లి ఇటిక్యాలలో. బాలస్వామి జనరేటర్ పనికి బయలుదేరుతుంటే, అతని భార్య యమున గోడ మీది గిటారు దించి చేతికిచ్చింది. "జనరేటర్ కాడ దీంతోటి ఏం పని?" అంటే, "హైదరాబాద్ల గూడ డోలు తోటే పని అనుకుంటివి గద! పట్టుకపో" అంది.

మధ్యాహ్నం బంతి భోజనాలయ్యాక ఆట మొదలైంది. గోపి బటన్ నొక్కాడు. జనం అలవాటుగా కాలు లేపారు, గాల్లో ఆపారు. దుమ్మని దెబ్బ పడింది. కంగారుగా దించారు. ఇంకో దెబ్బ. ఎవరి కాలు ఎవరి మీద పడిందో తెలియలేదు. పెళ్లికొడుకు బావ వెనక్కి తూలి బూందీ గంపలో కూర్చున్నాడు. మా వాళ్లకు ఆడరాదంటారా అని మగపెళ్లివారు, తొక్కింది మీరేనని ఆడపెళ్లివారు మాటకు మాట పెంచారు. పెళ్లికూతురి నానమ్మ నారాయణమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఆపుండ్రయ్యా! గిదేం పాట?"

"సౌండ్ పెంచాల్నా అమ్మా?" అన్నాడు చంద్రశేఖర్ వినయంగా.

"సప్పుడు పెంచుడు గాదు. నడుమ సప్పుడు ఆగేది ఉండె గద, గది ఏడ వాయె? మా పెద్ద మనుమరాలి పెండ్లిల ఉండె, మొన్న పాలోళ్ల ఇంట్ల ఉండె. కాలు లేపితే జర ఆగుతుండె. గిది చూస్తే కుక్క ఎంటవడ్డట్టున్నది!"

చంద్రశేఖర్ గోపి చెవిలో, "ఆగుడు బటన్ ఏదిరా?" అన్నాడు. గోపి ఉన్న బటన్లన్నీ నొక్కాడు. వాన కురిసింది, రైలు కూసింది, పక్షులు అరిచాయి. చివరిది నొక్కితే కీబోర్డు మొత్తం బంద్ అయింది. "పూరా బంద్ గాదురా, జర సేపు!" అని చంద్రశేఖర్ చెమటలు తుడుచుకున్నాడు.

అప్పుడు వెలిగింది నాకు, ఆ కాళ్లు ఎవరి దగ్గర చదువుకున్నాయో. జనరేటర్ దగ్గరికి పరుగెత్తి బాలస్వామిని చేయి పట్టి లాక్కొచ్చాను. బాక్సు వెనక అతని చోట్లో కూలర్ పెట్టేశారు. వేరే చోటు లేక ముందుకొచ్చి నిలబడ్డాడు. వ్యాన్‌లోంచి గిటారు తెచ్చి వైరు నేనే తగిలించాను. నెత్తి దించుకుని, వేళ్లకేసి చూస్తూ మొదలుపెట్టాడు. క్లచ్ వైరు మూలిగింది. పందిరి ఊపందుకుంది.

కొట్టవలసిన చోటు వచ్చింది. బాలస్వామి ఆగాడు.

అడ్డం బాక్సు లేదు. ఎదుట నీడలేవీ కదలనట్టు అనిపించి తలెత్తాడు. పందిట్లో ఉన్నవాళ్లందరూ, పెళ్లికొడుకు, పెళ్లికూతురు, బూందీ అంటుకున్న బావ, ఇంతకుముందు కొట్టుకోబోయిన రెండు వైపులవాళ్లు, ఒక్కొక్క కాలు గాల్లో ఎత్తి నిలబడి ఉన్నారు. అతని దెబ్బ కోసం చూస్తున్నారు. బాలస్వామి వాళ్ల కాళ్ల వైపు చూశాడు, వాళ్ల మొహాల వైపు చూశాడు. కొట్టడం మరిచిపోయాడు.

"కొట్టు బిడ్డా, కాలు నొస్తున్నది!" అని కేకేసింది నారాయణమ్మ, ఒంటికాలి మీద ఊగుతూ.

అప్పుడు కొట్టాడు.