ఒక్కసారే నడిపిన ప్రోగ్రాం

నేను అడిగిన ఒక ప్రశ్నకు ఒక మనిషి ఏడేళ్లుగా జవాబివ్వడం లేదు. పండగ శుభాకాంక్షలు పంపితే తిరిగి పంపుతారు. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని రాస్తే ఫోన్ చేసి సంబరపడ్డారు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చదివి ఊరుకుంటారు. నన్ను లెక్కచేయనివాళ్లు ఆయనొక్కరే కాదు. సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను పనిచేసిన కంపెనీలో చెయ్యి విరిగిన కుర్చీ ఇచ్చి నాలుగేళ్లు మార్చలేదు. ఐడీ కార్డు మీద నా పేరు తప్పు వేసి, మూడుసార్లు అడిగినా దిద్దలేదు. ఏదీ మర్చిపోలేదు. కానీ వాళ్లెవరికీ నేను రుణపడి లేను. ఈయనకు ఉన్నాను. అందుకే వదలను.

ఆ కంపెనీ కంప్యూటర్ గదిలో ఆయనా నేనూ ఇద్దరమే. ఆయనది హైదరాబాద్, నాకంటే పదేళ్లు పెద్ద. నాది కడప వైపు. పని పలచగా ఉన్న పూట మాకొక ఆట ఉండేది. ఏదో చిన్న పని అనుకుని, దానికి ఎవరు తక్కువ అక్షరాలతో ప్రోగ్రాం రాస్తారో చూడటం. ఓడినవాడు వీధి చివర దుకాణం నుంచి చాయ్ తేవాలి. చాయ్ తెచ్చింది ఎక్కువగా నేనే. ఒకసారి, నడిపిన ప్రతిసారీ వేరే జవాబిచ్చే అతి చిన్న ప్రోగ్రాం రాయాలనుకున్నాం. నేను రెండు లైన్లకు కుదించి గర్వపడుతుంటే, ఆయన గడియారం చూపించే మాట ఒక్కటి కొట్టి, టైము ఎప్పుడూ ఒక్కతీరుగ ఉండదు గద తమ్మీ అన్నారు. అది మోసమని వారం రోజులు వాదించాను. చాయ్ మాత్రం తెచ్చాను.

తర్వాత నితాఖత్, అంటే ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్లు ఉండాలనే రూలు, మా దాకా వచ్చింది. సౌదీ ఉద్యోగులు చాలక కంపెనీ పసుపు రంగులో పడింది, ఎరుపుకు దగ్గరవుతోందని చెప్పుకునేవారు. విదేశీయుడికి ఇంతని కంపెనీ మీద లెవీ పన్ను, ఇంట్లో ఒక్కొక్కరికి ఇంతని మా మీద లెవీ. ఆయన మొదటి ఏడాదే భార్యాపిల్లలకు ఎగ్జిట్ వీసా కొట్టించి ఇండియా పంపేశారు. నేను పంపలేదు. మా అమ్మాయి ఇండియన్ స్కూల్లో పదో తరగతి. పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి.

అప్పుడే మేనేజరు పిలిచి, మీ ఇద్దరిలో ఒకరు ఉద్యోగం వదిలి ఫైనల్ ఎగ్జిట్ మీద ఇండియా వెళ్లిపోవాలన్నాడు. ఎవరిని ఎంచినా నేను ఫిర్యాదు రాస్తానని మేనేజరుకు తెలుసు. నా ఫిర్యాదుల ఫైలు అతని బల్ల మీదే ఉండేది. అందుకని కంప్యూటర్‌తో లాటరీ తీద్దాం, ఆ ప్రోగ్రాం నువ్వే రాయి, ఇక మాట్లాడటానికి నీకేమీ ఉండదన్నాడు. ఒప్పుకున్నాను.

ముందు చేరినవారు కాబట్టి ఆయనకు సున్నా, నాకు ఒకటి. సున్నా వస్తే ఆయన వెళ్లాలి, ఒకటి వస్తే నేను. ఇంత పెద్ద విషయంలోనూ నాకు ఆటే గుర్తొచ్చింది. ఈసారి ఆయనకంటే చిన్నది రాయాలని అక్షరాలు తీసేస్తూ పోయాను. నడిపి చూస్తే ఒకటి వచ్చింది. ముందుగా చూడటం మంచిది కాదనిపించి మళ్లీ నడపలేదు. మేనేజరుకూ ఆయనకూ పంపేశాను.

మర్నాడు మేనేజరు గదిలో, అతను మీట నొక్కబోతుండగా, ఆయన నా వైపు తిరిగారు.

"తమ్మీ, పొద్దుగాల దీన్ని పదిసార్లు నడిపిన. పదిసార్లు నీ నంబరే వచ్చింది."

"అదెట్లా వస్తుందన్నా?"

"టైము అందిచ్చే లైను తీసేసినవ్ గద, చిన్నగ చెయ్యనీకి."

నిజమే. ఆ భాషలో లాటరీ అంకె అడిగే ముందు గడియారంలోని టైమును అందించాలి. లేకపోతే ఎన్నిసార్లు నడిపినా మొదట వచ్చిందే వస్తుంది. నా చేత్తో నేనే నా ఎగ్జిట్ రాసుకున్నాను. ఆయన ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే చాలు, ఉద్యోగం ఆయనదే. ఇంకో రెండేళ్లు ఉండాలని ఆయనకూ ఉండేది. అయినా ఇది లాటరీ కాదని మేనేజరుకు ఇంగ్లీషులో విడమరిచి చెప్పారు. నీకేమైనా అభ్యంతరమా అని మేనేజరు నన్నడిగాడు. ఆ కంపెనీలో అభ్యంతరం లేదని నేను చెప్పింది ఆ ఒక్కసారే.

అయితే మీరే రాయండని లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపాడు. నేను బల్లకు ఇవతల ఉన్నాను, తెర కనబడదు. మీటల చప్పుడు మాత్రం వినబడింది. ఏళ్ల తరబడి ఆడిన ఆట కదా, నా చెవి దానంతటదే లెక్కపెట్టింది. చాలా తక్కువ మీటలు. తెర మేనేజరు వైపు తిప్పారు. మేనేజరు ఒక్కసారి నొక్కాడు. సున్నా. దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. ఈలోగా అన్న చెయ్యి చాపి తెర మీదున్నదంతా మూసేశారు. రెండోసారి ఎవరూ నడపలేదు.

మూడు వారాల్లో ఆయన వెళ్లిపోయారు. చివరి రోజు తన కుర్చీని నా బల్ల దగ్గరికి తోసి, విరిగినదాన్ని తీసుకెళ్లి గది బయట పెట్టారు. మా అమ్మాయి అదే స్కూల్లో పరీక్షలు రాసింది.

ఆ రోజు నుంచి ఆయన కొట్టిన లైను ఏమై ఉంటుందా అని రాసి చూస్తూనే ఉన్నాను. నిజంగా మారే లాటరీ అన్ని తక్కువ మీటల్లో నాకు కుదరలేదు. ఎప్పుడు నడిపినా ఉత్త సున్నా చూపించే ప్రోగ్రాం అయితే హాయిగా పట్టింది. కానీ ఆటలో నాకు కుదరనివి ఆయనకు ఎన్నిసార్లు కుదిరాయో.

అన్నా, ఇది మీరు చదువుతారని తెలుసు. నిజం చెప్పినందుకు ఒక రకంగా దండం పెట్టాలి. ఆ సున్నా అబద్ధమై ఉంటే ఇంకో రకంగా పెట్టాలి. ఏది పెట్టాలో తెలియక ఏడేళ్లుగా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు ఏం కొట్టారో ఉన్నదున్నట్టు రాసి పంపండి. రెండోసారి నేను నడుపుతాను.