అమీర్‌పేటలో మిగతా సగం ఊరు

పోయిన నెల ఉత్తర తెలంగాణలో ఒక పాత బొగ్గు ఊరు చూసొచ్చాను. గని మూతపడి చాలా ఏళ్లయింది. దాని తర్వాత వచ్చిన పింగాణీ ఫ్యాక్టరీ కూడా రెండేళ్ల కిందట మూతపడింది. ఏ వీధిలో చూసినా తలుపులకు తాళాలే. ఎవరింటి గురించి అడిగినా ఒకటే జవాబు: "అమీర్‌పేట పోయిండ్రు." సగం ఊరే చూశాను కదా, మిగతా సగం కూడా చూడకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

శనివారం పదకొండింటికి సికింద్రాబాద్‌లో రైలు దిగి మెట్రో ఎక్కాను. అమీర్‌పేటకు ఇరవై నిమిషాలు, టికెట్టు నలభై లోపే. మెట్లు దిగగానే కోచింగ్ సెంటర్ల కరపత్రాలు చేతిలో పడతాయి. జుట్టు నెరిసిన నాకు కూడా ఒకాయన జావా నేర్పిస్తానన్నాడు. ఊళ్లో చెప్పిన గుర్తులు పట్టుకుని సందులో రాజవ్వ మెస్సుకు చేరాను. ఈమె ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు ముందు హోటల్ నడిపింది. "పనోళ్లంత ఈడికొచ్చిండ్రు, నేనొక్కదాన్ని ఆడ కూసోని ఎవరికి వండాలె?" అంది, నాకు అన్నం వడ్డిస్తూ. భోజనం తొంభై రూపాయలు. పచ్చిపులుసు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు.

ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో ఒకాయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. పేరు మల్లేశ్, ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసేవాడు. పంజాగుట్టలో ఒక షాపింగ్ కాంప్లెక్సులో లిఫ్ట్ ఆపరేటర్ పనికి ఇంటర్వ్యూ, రెండింటికి రమ్మన్నారట. భార్య, కూతురు ఇంకా ఫ్యాక్టరీ క్వార్టర్‌లోనే ఉన్నారు. మళ్లీ తెరుస్తారన్న ఆశతో ఆమె అక్కణ్నుంచి కదలనంటోంది. రెండు చోట్ల కాపురం ఇక ఆయన వల్ల కావడం లేదు.

"పంజాగుట్ట నేనూ చూడాలి, వస్తాను" అన్నాను.

"ఆడ ఏముందన్నా సూడనీకి, ట్రాఫిక్ తప్ప?" అని మొదటిసారి నవ్వాడు.

మెట్రోలో ఒక్క స్టేషనే. కాంప్లెక్సు సెల్లార్‌లో ఉన్న సూపర్‌వైజర్ కోస్తావాడు, మర్యాదస్తుడు. అన్నీ అడిగాక, "మరి మీ ఫ్యాక్టరీ మళ్లీ తెరిస్తే ఏంటండీ? వెళ్లిపోతారా?" అన్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. మల్లేశ్ తల అడ్డంగా ఊపాడు.

"పోను సార్. గా ఫ్యాక్టరీ ఇగ తెరువరు."

సోమవారం నుంచి రమ్మన్నారు.

బయటికొచ్చి నేనే సంబరపడి చాయ్ చెప్పాను. ఆయన గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేదు. "రెండేండ్ల సంది మా ఇంటామెకు గా మాట చెప్పనీకి నోరు రాలేదన్నా. ముందుగాల గాయనకు చెప్పేసిన" అన్నాడు. నాకు చాలా దిగులేసింది.

గేటుకు తాళం పడ్డ రోజే ఊరు ఖాళీ అయిందనుకున్నాను. కాదు, ఆ మాట పైకి అన్న ఒక్కొక్కరితో కొంచెం కొంచెంగా ఇంకా ఖాళీ అవుతూనే ఉంది. వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: మెస్సుకు ఒంటిగంట లోపే వెళ్లండి, తర్వాత కుర్చీ దొరకదు. అక్కడ తింటున్నవాళ్లను ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తారని మాత్రం అడగకండి. జవాబు వాళ్లకు తెలుసు, ఇంట్లోవాళ్లకే ఇంకా చెప్పలేదు.