ఆఖరి పాట పాడిందెవరు?

నాసర్ పోయిన మరుసటేడు, 2003లో, అతని పాటల క్యాసెట్ బయటికొచ్చింది. జగ్గయ్యపేటలో సిమెంటు లారీ తోలేవాడు నాసర్. దారిలో విన్న కథలన్నీ పాటలు కట్టి గిటారు మీద పాడేవాడు. కీసర వంతెన మీద బండాగిపోయిన పెళ్లివారి కథ, చెవిటికల్లు పడవలో దెబ్బలాడుకున్న అన్నదమ్ముల కథ. అతను పాట ఎత్తుకుంటే టీకొట్టు దగ్గర జనం చేతుల్లో టీ చల్లారిపోయేది.

క్యాసెట్ తెచ్చినవాడు స్నేహితుడు దత్తాత్రేయ. నందిగామ బస్టాండు పక్కన రికార్డింగు షాపు నడుపుతాడు. నాసర్ పాడిపోయిన టేపులకి డ్రమ్ములూ ఎలక్ట్రిక్ గిటారూ కలిపించాడు.

నాసర్ భార్య వలీబీ వంట చేస్తూ వింది. ముందు పాటలన్నీ ఆయనవే. ఆఖర్న చందర్లపాడు మిరపకూలీ సుబ్బమ్మ పాట వచ్చేసరికి ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. గుక్క తిప్పుకోకుండా పాడే మనిషి మాటమాటకీ ఆగుతున్నాడు. పైగా, "దీనికి ముగింపు దొరకలేదు వలీ" అంటూనే పోయాడు కదా! ఇందులో ముగింపు ఉంది.

"అది బావ గొంతు కాదక్కా," అన్నాడు తమ్ముడు షాకీర్. "ఎవడితోనో పాడించాడు. అట్ట మీద దత్తాత్రేయ పేరు ఎంత పెద్దగా ఉందో చూడు."

వలీబీకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నాసర్‌ను మట్టి చేసిన రోజున దత్తాత్రేయ ఆమె మొహం చూడకుండానే వెళ్లిపోయాడు. అసలు టేపు అడిగితే, తెగిపోయిందన్నాడు.

బస్సెక్కి నందిగామ వెళ్లింది.

"ఆఖరి పాట ఎవరు పాడారన్నా?"

"నాసరే చెల్లెమ్మా."

"నాకు చెవుల్లేవనుకున్నావా? అసలు టేపు వినిపించు."

"వినకపోతేనే మంచిదమ్మా."

"ఆ సంగతి విన్నాక నేను చెప్తాలే."

దత్తాత్రేయ అడుగు సొరుగులోంచి టేపు తీసి పెట్టాడు. అది తెగలేదు. డ్రమ్ముల్లేవు, ఒట్టి గిటారు. రెండు చరణాలయ్యాక దగ్గు తెర. ఎంతకీ ఆగలేదు. తర్వాత నాసర్ మాట:

"ఈ దగ్గంతా కోసెయ్ దత్తా. ఊపిరితిత్తుల్లో గడ్డ అని డాక్టరు చెప్పిన మాట వలీకి తెలీకూడదు. ముందే ఏడ్చి చస్తుంది."

మళ్లీ పాట ఎత్తుకున్నాడు. మాటమాటకీ అదే ఆగడం, అదే ముగింపు.

ఇంట్లో దగ్గితే సిమెంటు దుమ్మనేవాడు. గొంతు రాసుకుపోయిందని ఆమె ముందు పాడటమే మానేశాడు. ముగింపు దొరకలేదన్నదీ ఆ పాట పాడమని తను అడక్కుండా ఉండటానికేనని ఇప్పుడు తెలిసింది.

"ఒట్టేయించుకున్నాడమ్మా," అన్నాడు దత్తాత్రేయ.

"ఇద్దరూ కలిసి దాచారు. ఇంకేం దాచారు?"

"ఇంకేం లేదు."

ఆమె నమ్మలేదు. టేపు చివరిదాకా తిప్పించింది. రెండో వైపూ తిప్పించింది. ఒట్టి గరగర తప్ప ఏం లేదు. అప్పుడు ఏడ్చింది.

తర్వాత కొట్టిన క్యాసెట్లలో ఆ పాట డ్రమ్ముల్లేకుండా, దగ్గుతో సహా వచ్చింది. వలీబీ పట్టుబట్టి వేయించింది. దగ్గెవడు కొంటాడన్నాడు షాకీర్. లారీ డ్రైవర్లు కొన్నారు.

దత్తాత్రేయ పలకరిస్తే ఆమె పలికేది, అంతే. అతను ఇంకేదో దాచాడేమోనన్న అనుమానం మాత్రం ఆమెను వదల్లేదు.