తోమని మెరుపు

సూర్యాపేటలో నాదొక చిన్న జిరాక్స్ షాపు. అందరూ ఫోన్లతోనే డబ్బులు కొడుతున్నా, రెండు రూపాయల కాగితానికి బిళ్లలిచ్చేవాళ్లు ఇంకా కొందరున్నారు. నా పిచ్చి వాళ్ల పుణ్యాన బతుకుతోంది. గల్లాలో పడే ప్రతి బిళ్లనూ ట్యూబ్‌లైట్ వైపు వంచి చూస్తాను, అద్దంలా మెరిసేది ఎప్పటికైనా దొరక్కపోతుందా అని.

అలాంటివాటిని ప్రూఫ్‌లైక్ అంటారని చెప్పింది మిర్యాలగూడ సారు. రిటైరైన లెక్కల మాస్టారు, నలభై ఏళ్లుగా నాణేలు పోగేస్తున్న మనిషి. ఏదో పనిమీద మా ఊరొచ్చి, తన నాణేల పట్టీ జిరాక్స్ తీయించుకుంటూ పరిచయమయ్యారు. టంకశాలలో అచ్చును కొత్తగా సానబెట్టినప్పుడు, దాని కింద మొదట పడ్డ కొన్ని బిళ్లలకు ఆ నునుపు అంటుకుంటుందట. అవి కూడా మామూలు చిల్లరలో కలిసి బజారుకొస్తాయి. దొరికితే తుడవకూడదు, కడగకూడదు అని, వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆయనే నేర్పారు.

పోయిన ఎండాకాలం నాకొకటి దొరికింది. పచ్చటి ఐదు రూపాయల బిళ్ల. అంకె పక్కనున్న ఖాళీ జాగాలో నా ముక్కు నాకు కనపడింది. షాపు మూసేసి మిర్యాలగూడ బస్సెక్కాను. సారు భూతద్దం పెట్టి చూసి, బిళ్లను బల్లమీద పెట్టేశారు.

"ఇది తోమిన బిళ్ల బిడ్డా. గీతలు గూడ వడ్డయ్. చింతపండు వెట్టినట్టున్నవ్. ఆడోళ్ల చేతికొస్తే గింతే ఉంటది."

నాకు ఒళ్లు మండింది. ఇత్తడి బిందెకు చింతపండు పెడతాను గానీ నాణేనికి పెడతానా? చివ్వెంల దగ్గర గొర్లు కాసే ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయన గొర్రె మొహం చూసి అది ఎవరి మందదో చెప్పేవాడు. ఆ చూపు నాకూ కొంత వచ్చింది. బిళ్ల తీసుకుని బస్టాండుకొచ్చేశాను. వచ్చేటప్పుడు బస్సులో ఒకటే ఆలోచన. ఆ గీతలు సానబెట్టినప్పుడు అచ్చు మీద పడ్డవే అయితే, అదే అచ్చు కింద పడ్డ ఇంకో బిళ్ల మీద కూడా అవే ఉండాలి. అది దొరికితే నా మాట నిలబడుతుంది. దొరక్కపోతే ఆయన దృష్టిలో నేను ఎప్పటికీ తోమి తెచ్చిన మనిషినే.

షాపుకొచ్చి బిళ్లను మిషన్ అద్దం మీద పెట్టి నాలుగింతలు పెద్దది చేసి కాపీ తీశాను. మామూలు బిళ్ల బూడిద రంగులో వస్తుంది. ఇది నల్లగా వచ్చింది, నున్నటి పైభాగం వెలుతురును పక్కకు తోసేస్తుంది కాబట్టి. ఆ నలుపులో అంకె పక్కన ఏటవాలుగా సన్నటి తెల్లగీతలు. ఆ కాగితాన్ని గోడకు అంటించి, నాలుగు నెలలు కనపడ్డవాళ్లనల్లా ఐదు బిళ్లలు అడిగి విసిగించాను. గుడి మెట్ల మీద కూర్చుంటే ఇంకా తొందరగా దొరుకుతుందని మా ఆయన ఎగతాళి చేశాడు.

చివరికి కోదాడలో దొరికింది. మిషన్ సామాను కోసం వెళ్లి బస్టాండు పక్కన టీ తాగితే, టీ కొట్టు ఆమె ఇచ్చిన చిల్లరలో ఉంది. నేను బిళ్లను చూస్తూ కదలకుండా నిలబడేసరికి ఆమె కంగారుపడింది. "చెల్లదాండీ? ఇటివ్వండి, వేరేది ఇస్తాను" అని చెయ్యి చాపింది. నేను పిడికిలి బిగించాను. బంగారంలా చెల్లుతుందని చెప్పి, ఊరికే వెళితే బాగుండదని ఇంకో టీ తాగి బయటపడ్డాను.

దానికీ కాపీ తీసి, రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి లైటుకు ఎత్తిపట్టాను. గీత మీద గీత కూర్చుంది. రెండు బిళ్లల మీద ఒకే చోట ఒకే గీతలు పడేట్టు తోమే చింతపండు ఇంకా ఏ చెట్టుకూ కాయలేదు.

మర్నాడే బస్సులో ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ మీద మిర్యాలగూడ వెళ్లాను. ఆడోళ్ల చేతికొస్తే అన్న మాట దగ్గర మొదలుపెట్టి సారును ఏమేం అడగాలో దారిపొడవునా కూడబలుక్కున్నాను. తీరా వెళ్లాక కాగితాలూ బిళ్లలూ మాత్రం బల్లమీద పరిచాను. ఆయన కిటికీ దగ్గరికెళ్లి కాగితాలు కలిపి చూశారు. విడదీసి, మళ్లీ కలిపారు. లోపలికెళ్లి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చారు. దాన్నిండా మెరిసే బిళ్లలే. తోమినవని ఏళ్ల తరబడి పక్కన పడేసినవి.

"గివన్నీ ఈమెనే తోమిందనుకున్న" అన్నారు, టీ తెచ్చిన భార్యను చూపిస్తూ.

ఆమె గ్లాసులు బల్లమీద పెట్టింది. "నేను ముట్టలేదని పదేండ్ల సంది మొత్తుకుంటున్న. ఎవలిన్నరు?"

నా కోపం ఎటుపోయిందో తెలియదు. నాలుగు నెలల నిందకే నేను ఊళ్లు పట్టుకు తిరిగాను. ఆమె పదేళ్లు మోసింది, వచ్చినప్పుడల్లా నాకు టీ పోస్తూనే. ఒక్కసారీ ఆమెను పలకరించి ఎరగనని గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆమె డబ్బాను బల్లమీద బోర్లించి, కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

"ఒక్కొక్కటి సూసి, గిది నువ్వు తోమలేదని నా మొఖం మీద చెప్పుండ్రి."

సారు భూతద్దం తుడుచుకుని మొదటిది అందుకున్నారు. ఇది నువ్వు తోమలేదన్నారు. రెండోది అందుకుని అదే మాటన్నారు. మూడోదాని దగ్గర కొంచెం తటపటాయించారు గానీ, ఆమె చూసిన చూపుకు దాన్నీ తోమలేదనే చెప్పారు.