పందికి ఎదురుగా నిలబడి

సూరత్‌లో మా మామ పందుల ఫారాన్ని ఒక్క పొద్దులో ముంచిన మేధావి ఎవరయ్యా అంటే, నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం ముచ్చెమటలు పోశాయి.

అప్పటికి జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ కొత్తగా పూర్తిచేశాను. కొమురయ్య మామ మగ్గాల పని మానేసి సూరత్ శివారులో డిండోలి అవతల పందుల్ని పెంచుతున్నాడు. విత్తనపు పోతు చచ్చిపోయింది. ఎదిగొచ్చిన రెండు మగపందుల్లో ఒకదాన్ని విత్తనానికి ఉంచి, రెండోదానికి విత్తులు తీయించి మాంసానికి పెంచాలి. తప్పుదాన్ని ఉంచితే ఫారం మునిగినట్టే.

"రెండు ఒక్కతీర్గనే ఉన్నయిరా అల్లుడా. ఏది మంచిదో జర నీ సైన్సుల చూసి చెప్పు," అన్నాడు మామ.

"నాలుగు వెంట్రుకలు పీకితే చాలు మామా. ఎన్ని పిల్లల్ని ఇస్తది, రోగాన్ని ఎంత తట్టుకుంటది, అన్నీ జన్యుపటంల తెలుస్తయి," అన్నాను, బ్రహ్మదేవుడు నా దగ్గరే ట్యూషన్ చెప్పించుకున్నట్టు.

పందుల నంబర్లు చెవుల మీదే గాట్లుగా ఉంటాయి. ఒకదానికి కుడి చెవికి ఒక గాటు, ఎడమ చెవికి మూడు. రెండోదానికి సరిగ్గా తిరగేసి. ఎదురుగా నిలబడి, వెంట్రుకలు పీకి, గాట్ల లెక్క సంచుల మీద రాసి ల్యాబుకు పంపాను. ఫలితం వచ్చాక ఫోన్లో తీర్పు చెప్పాను: "కుడికి ఒకటి, ఎడమకు మూడు. దాన్ని ఉంచు. ఇంకోదానికి విత్తులు తీయించు."

పశువుల డాక్టరు వచ్చే రోజు పొద్దున్నే సెలూన్‌లో కూర్చున్నాను. క్షవరం చేసే అన్న నా ముందుకొచ్చి నిలబడి, "ఎడమ దిక్కు జర పొడుగున్నది," అంటూ నా కుడి చెంప పట్టుకున్నాడు.

"అది కుడి కదనే?"

"నీకు కుడి. ఎదురుంగ నిలవడ్డ నాకు ఎడమ."

కుర్చీలోంచి దిగ్గున లేచాను. పంది ముందు నేను నిలబడ్డదీ అట్లాగే! నేను రాసింది నా వైపు లెక్క, మామ చూసేది పంది వైపు లెక్క. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు మతితోపాటు కుడి ఎడమలు కూడా పోయాయి.

వెంటనే ఫోన్ చేశాను. "మామా, ఆపు!"

"జర ఆగురా, కాళ్లు పట్టుకున్న."

"ఆ పంది కాదు మామా!"

"ఏందీ? ఇది ఒర్లుతుంటే ఏం ఇనవడ్తలేదు. డాక్టర్ సాబ్ సూది ఇచ్చిండు, ఇగ అయిపోతది తియ్యి." ఫోన్ కట్.

మెడలో గుడ్డతో, ఒక చెంప గీసి ఒక చెంప గీయకుండా బండెక్కాను. దారిలో చీరల బేళ్ల టెంపో అడ్డంగా ఆగి ఉంది.

"భయ్యా, జల్దీ హటో!"

"క్యా హువా?"

"సూవర్ కా ఆపరేషన్ హై!"

పందికి ఆపరేషన్ అనగానే డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు కానీ, టెంపో కదపలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఫారం చేరేసరికి పంది గుర్రుపెట్టి పడుకుంది. మన తెలుగు డాక్టరే, తాపీగా చేతులు కడుక్కుంటున్నాడు.

"అయిపోయిందా మామా?"

"అయిపోయింది, బేఫికర్."

నీళ్లు నములుతూ సంగతి చెప్పాను. మామ దాణా బస్తా మీద కూలబడ్డాడు.

"అంటే మంచిదాన్ని కోపిచ్చి, పనికిరానిదాన్ని పెట్టుకున్ననా?"

"ఔ మామా." సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మామ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "డాక్టర్ సాబ్, కత్తి గప్పుడే కడగకుండ్రి. ఇంకొక పోతు ఉన్నది."

మామ మీంచి కళ్లు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఏ పంది చెవులూ ఎదురుగా నిలబడి చూడను. మా మామకు మాత్రం వెన్ను చూపకుండా ఎప్పుడూ ఎదురుగానే నిలబడతాను.