నాన్న మార్పించిన స్టీరింగ్ పైపు

మా పాత కారు పవర్ స్టీరింగ్ పైపు పగిలితే, పోర్టు దగ్గర హైడ్రాలిక్ పైపు కొని, చివర్లకు ఫిట్టింగులు బిగించి, ఇంట్లోనే కొత్తది తయారుచేసి కారుకి పెట్టాను. "మా పాపే సేసింది" అని నాన్న కూర్మన్నపాలెం అంతా చెప్పుకుని మురిసిపోయాడు. ఈ రోజు సింహాచలం కొండ ఎక్కేముందు ఆయిల్ చూద్దామని బానెట్ ఎత్తాను. నా పైపు లేదు. దాని చోట కంపెనీది ఉంది.

"ఏటి నాన్నా ఇది?"

"ఘాట్ రోడ్డు కదమ్మా, మీ అమ్మ కూడా బండిలో ఉంటాది. మెకానిక్‌తో మార్పించీసినాను."

"మరి ఊరంతా నా పేరెందుకు చెప్పుకున్నావ్?"

"సేసింది నువ్వే కదా! కారుకి ఉందని నానెప్పుడన్నాను?"

కొండ మీదికి నేనే నడిపాను. స్టీరింగ్ హాయిగా తిరిగింది. ప్రతి మలుపులోనూ నాకు ఒళ్లు మండింది.

పొగడ్త కూతురికీ, నమ్మకం మెకానిక్‌కీ ఇచ్చే నాన్నలు మీ ఇళ్లలోనూ ఉన్నారా?